కారు వేడెక్కేలోగా

మరిగించిన నీళ్ళు కారు అద్దం మీద పోయబోతుంటే వెనక నుంచి ఎవరో "ఆగు, ఆగు బేటా" అన్నారు.

తొంభై తొమ్మిదిలో జూన్ మొదటి వారం, ఆస్ట్రేలియాలో చలికాలం మొదలు. నా చేతిలో స్టీలు గిన్నె, భుజాన హ్యాండ్‌బ్యాగు, కాళ్ళకి ఇంట్లో తిరిగే చెప్పులు. మేము క్యాన్‌బెర్రాకి వచ్చి అయిదు నెలలు, గంగాలిన్‌లో ఆ అద్దె ఇంట్లో దిగి పది రోజులు అయింది. నేను కాకినాడలో పుట్టి పెరిగినదాన్ని. గడ్డకట్టిన మంచు అంటే డీప్‌ఫ్రీజర్ గోడలకి పట్టేదే నాకు తెలుసు. ఆ పొద్దున తలుపు తీసేసరికి అది మా కారు మొత్తానికి పట్టి ఉంది. ముందద్దం, వెనకద్దం, తలుపుల పిడులు, అంతా తెల్లగా. వైపర్లు అద్దానికి అతుక్కుపోయి కదలనంటున్నాయి. వంటింట్లోకి వెళ్ళి నీళ్ళు కాచాను. అంతకంటే ఏమీ తోచలేదు.

వెనక్కి తిరిగితే పక్కింటి డ్రైవ్‌వేలో ఒక పెద్దాయన నిలబడి ఉన్నారు. నెరిసిన గడ్డం, మంకీ క్యాప్, లాల్చీ మీద పొడవాటి కోటు. ఆయన చేతిలో కూడా నీళ్ళ జగ్గు ఉంది.

"గంత వేడి నీళ్ళు పోస్తే అద్దం టప్పుమని పగుల్తది. ఇగో, నల్లా నీళ్ళు సాలు" అని తన జగ్గులో నీళ్ళు మా అద్దం మీద పోశారు. తర్వాత జేబులోంచి వీడియో షాపు మెంబర్‌షిప్ కార్డు తీసి, దాని అంచుతో మంచు గీకడం మొదలుపెట్టారు. తెల్లటి పొడి ఆయన కోటు చేతుల మీద రాలుతోంది.

"నేను తెలుగని మీకెలా తెలుసండీ?" అన్నాను.

"పాపను కోప్పడ్డవు గదా, బయటికి రాకు అని. గది విన్న."

మా అమ్మాయికి అప్పుడు నాలుగున్నరేళ్ళు. గుమ్మంలో ఎర్ర జాకెట్ వేసుకుని నిలబడి, నోట్లోంచి వచ్చే ఆవిరిని చేత్తో పట్టుకోవాలని చూస్తోంది.

ఆయనది హైదరాబాదు. గల్ఫ్‌లో చాలా ఏళ్ళు మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ల మీద పనిచేసి, యాభై దాటాక వైటూకే కాంట్రాక్టు మీద ఆస్ట్రేలియా వచ్చారు. మాటల్లో తేలింది, నేను పనిచేసే బిల్డింగులోనే రెండంతస్తుల పైన ఆయన సీటు. ఇద్దరిదీ ఒకటే పని. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడకుండా, పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరం రెండంకెల్లో ఉన్న చోటల్లా వెతికి నాలుగంకెలు చేయడం. అప్పట్లో మాలాంటివాళ్ళు ఆ ఊళ్ళో ప్రతి ఆఫీసులోనూ ఉండేవాళ్ళు. ఆ డిసెంబరు దాటితే మా అవసరం ఎవరికి ఉంటుందో మాకెవరికీ తెలియదు.

ఆ రోజు ఆయన నా కారులో పక్క సీట్లో కూర్చుని హీటర్ గురించి చెప్పారు. నాకు లైసెన్సు వచ్చి నాలుగు నెలలే. అన్ని మీటలూ ఎందుకున్నాయో కూడా తెలియదు.

"ఇంజను సల్లగున్నప్పుడు ఫ్యాన్ పెట్టకు. సల్లటి గాలే వస్తది, నీ చేతులు గడ్డ కడ్తయి. నాలుగైదు నిమిషాలు ఆగు. తర్వాత గాలిని గీ బొమ్మ మీదికి తిప్పు. గది ముందద్దానికి. వెనకద్దానికి తీగెలుంటయి, దానికి వేరే బటన్. ఇప్పుడు ఏసీ వెయ్యి."

"చలిలో ఏసీ ఏంటి అంకుల్?"

"హీటర్ గాలిని వేడి చేస్తది, అంతే. తడి తియ్యది. ఏసీ తడిని గుంజుకుంటది. రెండూ కలిపి వేస్తే అద్దం పొడిగైతది. ఇంకొకటి, బయటి గాలి లోపలికి రావాలె. లోపలి గాలే తిరిగితే మన ఊపిరే మల్ల అద్దానికి అంటుకుంటది."

ఆయన చెప్పినట్టే చేశాను. అద్దం కింది అంచున ముందు అరచేయంత మేర తేటపడింది. అది మెల్లగా పైకి పాకింది. ఎదురింటి కప్పు, దాని వెనక గొర్రెల మైదానం, ఆ పైన గులాబీరంగు ఆకాశం ఒక్కొక్కటే కనిపించాయి. ఆ వేడిగాలికి ఒక వాసన ఉండేది. దుమ్ము, రబ్బరు, పాత సీటు గుడ్డ కలిసిన వాసన. ఇప్పుడు ఎంత మంచి కారెక్కినా ఆ వాసన రాదు.

మా ఆయన మెకానికల్ ఇంజనీరు. వచ్చిన కొత్తలో ఆయన చదువుకి తగ్గ ఉద్యోగం దొరకక ఒక బేకరీలో చేరారు. తెల్లవారుజామున నాలుగింటికల్లా తోటి పనివాడి వ్యాన్‌లో వెళ్ళిపోయేవారు. పొద్దున అన్నీ నేనే చూసుకోవాలి. పాపని లేపి, తినిపించి, లంచ్ బాక్సు సర్ది, చైల్డ్ కేర్‌లో దింపి ఆఫీసుకి వెళ్ళాలి. ఇవన్నీ అవుతుండగా మంచు గీకే టైము ఎక్కడ ఉంటుంది? వారం తిరిగేసరికి అంకులే అన్నారు, "నీ కారు తాళం ఇంకొకటి ఉంటే నాకియ్యి బేటా. ఫజర్ నమాజుకి ఎట్లాగూ లేస్త. నమాజయినంక నా కారు గీకుత, నీది కూడ గీకి స్టార్ట్ చేసి పెడ్త."

మొహమాటపడుతూనే ఇచ్చాను. అప్పటి నుంచి మా పొద్దుటి తీరు మారిపోయింది. ఆరున్నరకి వంటింటి కిటికీ అవతల బరబరమని కార్డు గీకుతున్న చప్పుడు, తర్వాత ఇంజను చప్పుడు. నేను పాపకి సాక్సులు తొడుగుతూ వినేదాన్ని. మేము బయటికి వచ్చేసరికి కారు లోపల మా ఇంటి కంటే వెచ్చగా ఉండేది. ఆ అద్దె ఇంట్లో హీటరు హాల్లో ఒక్కటే. పడకగదులు ఐసు గదుల్లా ఉండేవి. అందుకే పాప తయారవగానే "అమ్మా, can I go sit in the car?" అని గొడవ పెట్టేది. అంకుల్ ఉన్నారు కదా అని ముందే పంపేసేదాన్ని. ఆయన దానికి వెనక తలుపు తీసి కూర్చోబెట్టేవారు.

వెనక సీటు పక్క అద్దాలు అంత త్వరగా తేటపడేవి కావు. వాటి మీద ఆవిరి పట్టి పలక లాగా ఉండేది. ఆ ఆవిరి మీద వేలితో పాపకి అక్షరాలు రాయించడం నేనే మొదలుపెట్టాను. అక్కడ తెలుగు నేర్పేవాళ్ళెవరు? ఇంట్లో పలక పట్టమంటే పారిపోయే పిల్ల, కారు అద్దం మీద అయితే అడగకుండానే రాసేది. అ, ఆ వరకు వచ్చింది. ఇ దగ్గర ఆగేది. దాని సుడి ఎటు తిప్పాలో గుర్తుండేది కాదు. ఈలోగా వేడి వెనక్కి చేరి, అక్షరాలు కరిగి నీటి చారలై కిందికి జారేవి.

"అమ్మా, stop the fan. నా ఆ is going."

"ఫ్యాన్ ఆపితే నాకు రోడ్డు కనపడదమ్మా."

ఏడుపు మొహం పెట్టేది. రేపు మళ్ళీ రాసుకోవచ్చులే అనేదాన్ని. ఆ చలికాలమంతా మర్నాటి పొద్దున కోసం ఎదురుచూసిన మనిషి మా ఇంట్లో అదొక్కతే.

జూలైలో ఒక రోజు. ముందు రాత్రి రేడియోలో మైనస్ ఆరు అన్నారు. పొద్దున కుళాయి తిప్పితే బయటి గొట్టంలో నీళ్ళు గడ్డకట్టి ఒక్క చుక్క రాలేదు. మామూలుగానే అంకుల్ మా కారు గీకి స్టార్ట్ చేశారు. ఆ పాత కారుకి ఇంజను నడుస్తున్నా తాళం ఊడి వచ్చేది, ఎప్పట్లాగే అది తీసి జేబులో వేసుకున్నారు. తన కారుకి నీళ్ళు కావాలి. బయటి కుళాయి రాలేదు కాబట్టి జగ్గు పట్టుకుని లోపల బాత్రూంలోకి వెళ్ళారు. అంతా కలిపి రెండు నిమిషాలు అయి ఉంటుంది.

ఆ రెండు నిమిషాలకి ముందే నేను పాపని "షూస్ వేసుకుని వెళ్ళు" అని పంపించాను. చపాతీ చుట్టి లంచ్ బాక్సులో పెడుతున్నాను. కారు కదిలిన చప్పుడు వినిపించింది. అంకుల్ ఎందుకో మా కారు కొంచెం వెనక్కి జరుపుతున్నారేమో అనుకున్నాను. బాక్సు మూత పెట్టాను. పొయ్యి కట్టేశాను. బ్యాగు తీసుకుని తలుపు తీశాను.

కారు లేదు. డ్రైవ్‌వే అంతా తెల్లగా ఉంది. కారు నిలబడ్డ చోట మాత్రం మంచు పడక నల్లగా ఉంది. రెండు టైర్ల గుర్తులు ఆ నలుపులోంచి రోడ్డు మీదికి వెళ్ళి ఎడమ వైపు తిరిగాయి.

అంకుల్ జగ్గుతో తన గుమ్మంలోంచి బయటికి వచ్చారు. ఆ ఖాళీని చూశారు, నన్ను చూశారు.

"పాప ఏది?"

"మీ దగ్గరికే పంపించాను" అన్నాను.

ఆయన జగ్గు వదిలేసి పరుగెత్తారు. ఆ వయసులో, ఇంటి స్లిప్పర్లతో, గడ్డకట్టిన ఫుట్‌పాత్ మీద ఆ టైర్ల గుర్తుల వెంట. నేను కూడా ఆయన వెనకే పరుగెత్తాను. ప్రభువా, ప్రభువా అనడం తప్ప ఇంకే ప్రార్థనా రాలేదు. మలుపు దగ్గర ఆయన కాలు జారింది. చెయ్యి ఆనించి పడ్డారు. నేను ఆయన్ని దాటి మలుపు దాకా వెళ్ళాను. పొడవాటి రోడ్డు, రెండు వైపులా తెల్లటి పచ్చిక, కరెంటు స్తంభం మీద మ్యాగ్‌పై పిట్టలు. కారు ఎక్కడా లేదు.

ఎంతసేపు అలా నిలబడ్డానో చెప్పలేను. వెనక నుంచి ఆంటీ కేక వినపడింది. ఆంటీ అంటే అంకుల్ గారి భార్య. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి. ఇంటి ముందు నిలబడి రెండు చేతులూ ఊపుతున్నారు.

"ఇక్కడుంది, పాప ఇక్కడుంది, నా దగ్గరుంది."

జరిగింది ఇది. పాప బయటికి వచ్చేసరికి అంకుల్ లోపలికి వెళ్ళారు. కారు తలుపు దానికి తీయడం రాదు. అంకుల్‌ని వెతుక్కుంటూ పక్క తలుపు గుండా వాళ్ళ వంటింట్లోకి వెళ్ళింది. ఆంటీ పాలలో సేమ్యా చేస్తున్నారు. ఒక చిన్న గిన్నెలో పోసి ఇచ్చారు. నేను వెళ్ళేసరికి అది వాళ్ళ వంటింటి బల్ల దగ్గర కుర్చీలో కాళ్ళు ఊపుకుంటూ, చెంచాతో జీడిపప్పు వెతుక్కుంటోంది. దాన్ని ఎత్తుకుని ఆ వంటింటి నేల మీదే కూర్చుండిపోయాను. "Amma, you're squashing me" అంటోంది. వదల్లేదు.

అంకుల్ ఇంకా మలుపు దగ్గరే ఉన్నారు. ఆంటీ చెప్పిన మాట అక్కడిదాకా వినపడిందట. ఫుట్‌పాత్ అంచున కూర్చుని, కుడి చేతి మణికట్టు ఎడమ చేత్తో పట్టుకుని ఏడుస్తున్నారు. నొప్పికి కాదని నాకు తెలుసు. చెయ్యి అప్పటికే వాచి వంకర తిరిగి ఉంది. దాని సంగతి ఆయన ఒక్క ముక్క అనలేదు.

పోలీసులకి ఫోన్ చేశాను. కారు నంబరు రాసుకుని సాయంత్రం ఇంటికి వస్తామన్నారు. ఇక హాస్పిటల్‌కి వెళ్ళాలి. ఆంటీకి డ్రైవింగ్ రాదు. మిగిలింది నేను, అంకుల్ గారి పెద్ద కారు. అంత పెద్ద కారు నేను ఎప్పుడూ నడపలేదు. పాపని, ఆంటీని వెనక కూర్చోబెట్టాను. ఆయన పక్కన కూర్చున్నారు. సగమే తేటపడిన అద్దంతో బయలుదేరాను. నలుగురి ఊపిరికి అది లోపల కూడా మసకబారుతోంది. నాకు ఏ మీట ఎక్కడుందో కనపడటం లేదు. ఆయన ఎడమ చేత్తో ఒక్కొక్కటే తిప్పుతూ, పళ్ళ బిగువున నొప్పి ఆపుకుంటూ చెబుతూనే ఉన్నారు.

"ఏసీ వేసిన. ఫ్యాన్ పెంచిన. నువ్వు రోడ్డు చూడు బేటా. గంతే, మెల్లగ పో. ముందట బస్సుంది."

నేను డ్రైవింగ్ నిజంగా నేర్చుకున్నది ఆ ఇరవై నిమిషాల్లోనే అనుకుంటాను.

మణికట్టు విరిగింది. ఆరు వారాలు కట్టు. సాయంత్రం వచ్చిన పోలీసామె మర్యాదగానే మాట్లాడింది. కారు స్టార్ట్ చేసి మనిషి లేకుండా వదిలిపెట్టకూడదని, చలికాలంలో ఇలాంటివి జరుగుతుంటాయని చెప్పింది. అంకుల్ తలొంచుకుని విన్నారు. మర్నాడు ఆంటీ ఒక కవరు తెచ్చి ఇచ్చారు. అందులో మా కారు రెండో తాళం ఉంది.

"ఇవ్వమన్నారమ్మా. రాత్రంతా నిద్ర పోలేదు. పాప లోపల ఉంటే ఏమయ్యేది అని అదొక్కటే మాట."

కారు లేదు కాబట్టి తాళం తీసుకుని ఏం చేయాలో తెలియక షెల్ఫ్ మీద పెట్టాను.

ఆయన కారు నడపలేరు, నాకు కారు లేదు. ఇద్దరం వెళ్ళాల్సింది ఒకే బిల్డింగుకి. అలా వాళ్ళ కారులో నేను డ్రైవర్‌గా మా ప్రయాణాలు మొదలయ్యాయి. ఇప్పుడు మంచు గీకేది నేనే. అంతా సిద్ధమయ్యాకే ఆయన బయటికి వచ్చేవారు. సీట్లో కూర్చుని, కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని, కిటికీలోంచి చూస్తూ ఉండేవారు. పాప పలకరిస్తే నవ్వేవారు కానీ, దాని వైపు సూటిగా చూసేవారు కాదు. అది గమనించినప్పుడల్లా నాకు కష్టంగా ఉండేది. నిజం చెప్పాలంటే, నేను మాత్రం దాన్ని ఎందుకు ఒంటరిగా పంపించాను? ఆ ప్రశ్న నన్ను కూడా నిద్రపోనిచ్చేది కాదు. కానీ నన్నెవరూ ఏమీ అనలేదు. ఆయన ఒక్కరే మొత్తం తన మీద వేసుకున్నారు.

తొమ్మిది రోజుల తర్వాత పోలీసులు ఫోన్ చేశారు. ఊరి చివర పైన్ చెట్ల తోట పక్కన, మట్టిదారిలో కారు దొరికిందట. మా ఆయన, నేను, అంకుల్ వెళ్ళాం. పాపని ఆంటీ దగ్గర ఉంచాం. కారుకి ఒక్క దెబ్బ కూడా లేదు. పెట్రోలు అడుగంటింది, బ్యాటరీ చచ్చిపోయింది. డ్రైవరు సీటు పూర్తిగా వెనక్కి వాల్చి ఉంది. హీటర్ మీట ఎర్ర గీత చివరి దాకా తిప్పి ఉంది, ఫ్యాను ఆఖరి నంబరు మీద ఉంది. వెనక సీట్లో ఒక ముతక కంబళి, రెండు ఖాళీ సూప్ డబ్బాలు. పాప రంగుల పుస్తకం, క్రేయాన్లు ఎక్కడివక్కడే ఉన్నాయి.

"దొరికితే కాళ్ళు విరగ్గొట్టాలి వెధవని" అన్నారు మా ఆయన.

అంకుల్ ఆ సీటు వైపు, ఆ హీటర్ మీట వైపు చాలాసేపు చూశారు.

"సలికి పండుకున్నడు బాబూ. ఇల్లు లేనట్టుంది."

ఒక చేత్తోనే ఆ కంబళి తీసి, మోకాలి మీద ఆనించి మడత పెట్టారు. దారి పక్కన కంచె ఉంది. దాని మీద జారిపోకుండా వేశారు. మళ్ళీ వస్తే తీసుకుంటాడు అన్నారు. ఆ ఘటన తర్వాత అంకుల్ మొహం కొంచెం తేలికపడటం నేను మొదటిసారి చూసింది అక్కడే.

ఆ సాయంత్రం కవరులో తాళం పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

"వద్దు బేటా. నా మీద నాకే నమ్మకం లేదు" అన్నారు.

"పంపించింది నేను అంకుల్. మీరు లోపలికెళ్ళారో లేదో చూసుకోకుండా పంపించాను. మీరు తాళం తీసుకోకపోతే తప్పంతా మీదే అయినట్టు. నాకలా వద్దు."

ఆంటీ మా ఇద్దరి మధ్య చాయ్ కప్పులు పెట్టారు.

"ఈసారి స్టార్ట్ చేసి లోపలే కూర్చోండి" అన్నాను. "కదలొద్దు. మంచు నేను గీకుతాను. మీ చేతికి ఎలాగూ కట్టుంది కదా."

"కూసొని ఏం చెయ్యాలె?"

"వేడెక్కేదాకా కాపలా కాయండి."

ఆంటీయే నవ్వారు ముందు. ఆయన తాళం తీసి జేబులో వేసుకున్నారు.

అలా ఆ చలికాలంలో రెండో భాగం మొదలైంది. నేను బయట గీకుతుంటే ఆయన లోపల కూర్చునేవారు. ఎడమ చేతిలో తస్బీహ్ జపమాల పూసలు తిరుగుతూ ఉండేవి. పాప వెనక సీటు నుంచి ముందుకి వంగి ఆయనతో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. ఒక రోజు నేను ముందద్దం గీకి, లోపలికి తొంగి చూశాను. ఇద్దరూ పక్కద్దం మీదికి వంగి ఉన్నారు. పాప అ రాసింది. ఆయన దాని కింద ఎడమ చేత్తో, వంకరగా, అ రాయడానికి కష్టపడుతున్నారు.

నేను తలుపు తీయగానే సిగ్గుపడ్డట్టు చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"ఉర్దూ మీడియం బేటా నేను. తెలుగు మాట్లాడుడే గానీ రాసుడు, చదువుడు రాదు. బస్సు మీద బోర్డు కూడ మందిని అడిగేటోణ్ణి. గిప్పుడు దొరికింది పంతులమ్మ."

పంతులమ్మ చాలా కఠినమైనది. "No uncle, not like that. సుడి this side" అనేది. ఇ దగ్గర తనే తప్పు చేసేది కాబట్టి ఇద్దరూ కలిసి తప్పు రాసేవారు. నన్ను పిలిచి సరిచేయించుకునేవారు. బదులుగా ఆయన దానికి ఉర్దూ అక్షరాలు అలిఫ్, బే నేర్పించారు. అలిఫ్ చాలా తేలిక, ఒక్క గీతే అని పాప మురిసిపోయింది. ఆగస్టు వచ్చేసరికి గుణింతాల్లో పడ్డారు. అప్పటిదాకా ఫ్యాన్ ఆపమని గొడవ చేసింది పాప ఒక్కతే. ఇప్పుడు ఇద్దరయ్యారు.

"ఒక్క నిమిషం ఆగు బేటా. ఇంకా దీర్ఘం పెట్టలే."

"ఆఫీసుకి లేటవుతోంది అంకుల్."

"రెండువేల సంవత్సరం ఎట్లాగూ వస్తది. మనం లేటయితే ఆగదు."

ఆయన మొట్టమొదట మొత్తం రాసిన మాట 'చాయ్'. చకారానికి దీర్ఘం, యకారం మీద పొల్లు, అన్నీ సరిగ్గా పడ్డాయి. కిందికి దిగి, బయటి నుంచి కూడా చూసుకున్నారు. బయటి నుంచి తిరగబడి కనిపిస్తుందని మరిచిపోయినట్టున్నారు. నిరాశగా మళ్ళీ లోపలికి వచ్చి కూర్చున్నారు. అంతలో వేడి తగిలి పొల్లు కారిపోయింది. ఆ రోజు పాప బదులు ఆయనే ఫ్యాన్ కట్టేశారు. నేను ఊరుకున్నాను. ముగ్గురం ఆ చల్లటి కారులో అది కరిగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాం. ఆఫీసుకి పావుగంట ఆలస్యంగా వెళ్ళాను.

కట్టు విప్పాక కూడా ఆయన తన కారు తీయలేదు. నువ్వే నడుపు, నాకు అలవాటైంది అన్నారు. సెప్టెంబరులో మంచు తగ్గింది. వాటిల్ చెట్లు పసుపు పూసాయి. అద్దాలు పొద్దున్నే తేటగా ఉండేవి. పాపకి అది నచ్చలేదు. ఇంట్లో పలక కొనిపెట్టాను, కానీ ఆ ఉత్సాహం లేదు.

జనవరి ఒకటిన ఏమీ జరగలేదు. అన్నాళ్ళు మేము చేసిన పనికి అదే ఫలితం. ఏమీ జరగకపోవడం. ఆఫీసులో అందరం ఒకరి మొహాలు ఒకరు చూసుకుని కేకు తిన్నాం. మార్చిలోగా మాలో చాలామంది కాంట్రాక్టులు అయిపోయాయి. నాది పొడిగించారు. అంకుల్‌ది పొడిగించలేదు. ఆయన వయసుకి కొత్త ఉద్యోగం కష్టమని ఏజెంటు చెప్పాడట. వాళ్ళమ్మాయి సిడ్నీలో ఉంటుంది. అక్కడే బ్లాక్‌టౌన్‌లో ఇల్లు చూసిందని, ఏప్రిల్‌లో ఇద్దరూ వెళ్ళిపోయారు. సామాను లారీకి ఎక్కించిన రోజు ఆంటీ మా ఫ్రిజ్ నిండా వండినవి పెట్టి వెళ్ళారు. పాప వాళ్ళ ఖాళీ ఇంట్లో గదులన్నీ తిరిగి, "ఇక్కడ echo వస్తుంది" అంది.

ఆ మే నెలలో మొదటి మంచు పడింది. మా ఆయనకి ఈలోగా ఒక కంపెనీలో తన పని దొరికింది. పొద్దున ఇంట్లోనే ఉండేవారు. ఆయన కొత్త స్క్రేపరు కొన్నారు, అద్దం మీద కప్పడానికి పట్టా కొన్నారు. పని త్వరగా అయ్యేది. పాప స్కూల్లో చేరింది. అక్కడి మాటలే ఇంట్లోనూ మాట్లాడేది. తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పేది. అద్దం మీద ఆవిరి పడితే ఇప్పుడు బొమ్మలు వేసేది. రాయమని నేను అడగలేదు. అడిగి ఉండాల్సింది అని తర్వాత చాలాసార్లు అనుకున్నాను.

అంకుల్ ఫోన్ చేసినప్పుడు నవ్వుతూ అనేవారు, "ఈడ అద్దాలు గడ్డ కట్టవు బేటా. పొద్దున లేస్తే పనే లేదు."

ఆ సంవత్సరం నవంబరులో ఒక శనివారం సిడ్నీ వెళ్ళాం. రెండు రాత్రులు వాళ్ళింట్లోనే ఉన్నాం. అంకుల్ కొంచెం బరువు తగ్గారు కానీ హుషారుగా ఉన్నారు. ఉద్యోగం దొరికింది అన్నారు. ఏం ఉద్యోగమంటే చెప్పలేదు. సోమవారం పొద్దున మీరు పోయేటప్పుడు చూస్తరు అన్నారు.

సోమవారం ఎనిమిదింటికి ఆయన మా కంటే ముందే నడిచి వెళ్ళిపోయారు. మేము ఆంటీకి చెప్పి బయలుదేరాం. నేనే నడుపుతున్నాను. రెండు వీధులు దాటితే స్కూలు వచ్చింది. రోడ్డు మీద తెల్లచారల దగ్గర, మెరిసే కోటు వేసుకుని, వెడల్పాటి టోపీ పెట్టుకుని, పొడవాటి కర్రకి తగిలించిన గుండ్రటి స్టాప్ బోర్డు పట్టుకుని అంకుల్ నిలబడి ఉన్నారు. మా కారు దగ్గరికి రాగానే బోర్డు అడ్డంగా చాచి ఆపారు. ఒక్కసారి కూడా మా వైపు చూడలేదు. డ్యూటీలో ఉన్నారు కదా. పిల్లలు బ్యాగులు ఊపుకుంటూ, తోసుకుంటూ దాటుతున్నారు. ఒక చిన్నపిల్ల మధ్యలో ఆగి షూ లేసు కట్టుకోబోయింది. ఆయన వంగి దానికేదో చెప్పారు. దాని చెయ్యి పట్టుకుని అవతలి గట్టు ఎక్కించి వచ్చారు.

మా అమ్మాయి కిటికీ దించి "అంకుల్" అని పిలిచింది. అప్పుడు కూడా ఆయన తిరగలేదు. రోడ్డు రెండు వైపులా చూశారు. ఇంకెవరూ రావడం లేదని తేల్చుకున్నాక బోర్డు దించి, ఎడమ చేత్తో నాకు ముందుకి పొమ్మని సైగ చేశారు.

నేను గేరు వేసి మెల్లగా కదిలించాను.